ఆ రోజు అమ్మ "రాను" అంది

మా అమ్మ చేతులు రాత్రిళ్ళు మండేవి. మిర్చి సీజన్లో, అంటే మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా, అమ్మ చేత్తో అన్నం కలుపుకోగా నేను చూసింది చాలా తక్కువ. పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఎండు మిరపకాయల తొడిమలు తీసి తీసి వేళ్ళ చివర్లు నిప్పుల్లో పెట్టినట్టు ఉండేవట. ఇంట్లో మజ్జిగ ఉంటే గిన్నెలో పోసుకుని వేళ్ళు ముంచుకునేది. లేనినాడు మంచినీళ్ళ కుండని రెండు చేతులతో పట్టుకుని, ఆ చల్లదనానికి కళ్ళు మూసుకుని కూర్చునేది. మేం దగ్గరికి వెళ్తే "నన్ను ముట్టుకోకండే, కళ్ళు మండుతాయి" అని మోచేత్తో పక్కకి నెట్టేది. సీజన్ ఉన్నన్నాళ్ళూ అమ్మ మమ్మల్ని దగ్గరికి తీసుకోవడమంటే మోచేతులతో తీసుకోవడమే.

మాది గుంటూరు, నల్లచెరువు. పొడుగాటి పెంకుటింట్లో ఆరు వాటాలు ఉండేవి. అందులో ఒక గది మాది. నాన్న యార్డులో హమాలీ. అమ్మ తొడిమలు తీసే ముఠాలో పనికి వెళ్ళేది. ఇంట్లో నాయనమ్మ, అక్క, నేను. మొత్తం ఐదుగురం.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. సీజన్లో చుట్టుగుంట దగ్గర నిలబడితే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నింపుకున్న లారీలు వరసకట్టి ఉండేవి. గాలిలోనే ఘాటు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు తుమ్ములతో అల్లాడిపోయేవాళ్ళు. మాకది ఇంటి వాసన. ఆ కాయలో కొంత తొడిమ తీసి, తాలుకాయ ఏరి, రంగు చూసి వేరుచేశాకే బయటి ఊళ్ళకి పోతుంది. ఆ పనంతా ఆడవాళ్ళదే. సెలవుల్లో అన్నం క్యారేజీ ఇవ్వడానికి గోడౌన్‌కి వెళ్ళేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టగానే కోరుకి దగ్గు ముంచుకొచ్చేది. లోపల ముప్పై నలభైమంది ఆడవాళ్ళు కొండలాంటి కుప్ప చుట్టూ కూర్చుని, ముక్కుకీ నోటికీ పైట చుట్టుకుని ఉండేవాళ్ళు. కళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ కళ్ళని బట్టి అమ్మని గుర్తుపట్టాలి. ఎంత తూకం తీస్తే అంత కూలి. తీసిన కాయలో తొడిమలు కనపడితే మేస్త్రి తన చిన్న పుస్తకంలో కోత రాసుకునేవాడు. ఎంత చెయ్యి తిరిగినదైనా రోజుకి ఏడెనిమిది రూపాయలకి మించి పడేది కాదు.

పని లేదన్న రోజు తిండి లేదు. మా ఇంట్లో బియ్యం ఏనాడూ మూడు రోజులకి మించి ఉండేవి కాదు. సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడ్డాక కొట్టుకెళ్ళి కిలోనో కిలోన్నరో తెచ్చేవాళ్ళు. నాకు ఏడేళ్ళప్పుడు వారం రోజులు జ్వరం వచ్చింది. అమ్మ ఒక్క పూట కూడా ఇంట్లో ఉండలేదు. ఉండలేకపోయింది. నేను చాపమీద పడుకుని ఏడుస్తుంటే గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళిపోయేది. సాయంత్రం వచ్చాక నుదురు తాకి చూడమంటే ఆ చేతులతో తాకలేక, తన బుగ్గ నా నుదుటికి ఆనించి చూసేది. అది ఇప్పటికీ నా ఒంటికి గుర్తుంది.

1983 జనవరిలో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడే కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఏడాదికి 6000 రూపాయల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళకి, మనిషికి 5 కిలోల చొప్పున, ఇంటికి 25 కిలోల దాకా. మేం సరిగ్గా ఐదుగురం కాబట్టి పాతిక కిలోలు, యాభై రూపాయలు. మొదటిసారి నాన్న ఆ మూట భుజాన వేసుకుని వాటాలన్నీ దాటుకుంటూ వస్తుంటే, రోజూ ఊళ్ళోవాళ్ళ టిక్కీలు మోసే మనిషి ఇంటికోసం మూట మోయడం అదే మొదలు అని నాయనమ్మ అంది. బియ్యం దొడ్డుగా, కాస్త ముక్కిన వాసనతో ఉండేవి. అక్కా నేనూ చేటల్లో పోసి రాళ్ళు ఏరేవాళ్ళం. నూనె ఖాళీ డబ్బాలు రెండు కడిగి ఎండబెట్టి వాటిలో పోశారు. రాత్రి అందరం పడుకున్నాక అమ్మ లేచి డబ్బా మూత తీసి చూసుకుంది. స్టోరు బియ్యం అని తరవాత ఎంతోమంది చిన్నచూపుగా మాట్లాడటం విన్నాను. ఆ రాత్రి ఆ డబ్బా వైపు అమ్మ చూసిన చూపు వాళ్ళెవరూ చూడలేదు.

ఆ మరుసటి సీజన్లో, 1984లో, నాకు తట్టు పోసింది. పదేళ్ళదాన్ని. గుమ్మానికి వేపమండలు కట్టారు. తెల్లారకముందే మేస్త్రి వచ్చి బయటినుంచి పిలిచాడు.

"ఏమ్మా, లారీ లోడు ఎక్కాలి ఇవాళ. తొందరగా రా."

అమ్మ బయటికి వెళ్ళింది. "ఇవాళ రాను అన్నా. పిల్లకి తట్టు పోసింది."

"ముసలామె ఉందిగా ఇంట్లో. మధ్యాహ్నం ఓసారి వచ్చి చూసిపోదువులే."

"రాను అన్నా."

"రాకపోతే రేపట్నుంచి ఇంకో మనిషిని చూసుకుంటా. తర్వాత నన్నని లాభం లేదు."

కాసేపు ఏమీ వినపడలేదు. నాకు గుండె దడదడలాడింది. మేస్త్రితో అమ్మ అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తరవాత అమ్మ గొంతే వినపడింది. అరవలేదు, బతిమాలలేదు. "సరే అన్నా, చూసుకో."

లోపలికి వచ్చి నేరుగా డబ్బా దగ్గరికెళ్ళింది. మూత తీసి మోచెయ్యి దాకా చెయ్యి లోపలికి పెట్టి, బియ్యం ఎంత లోతున్నాయో చూసింది. చెయ్యి తీసి పైటకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. మూడు రోజులు ఇంట్లోనే ఉంది. మొదటి రోజు ఇంకా వేళ్ళలో మంట ఉందని ముట్టుకోలేదు. రెండోరోజు తడిగుడ్డతో నా మొహం తుడిచింది. అమ్మ అరచెయ్యి నా బుగ్గ మీద చల్లగా ఉండటం నాకు తెలిసి అదే మొదటిసారి.

నాలుగో రోజు మేస్త్రే కబురు పెట్టాడు. చెయ్యి తిరిగిన మనిషిని ఎవరు వదులుకుంటారు?

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు అంత ధైర్యం ఎలా వచ్చిందమ్మా అని. "ధైర్యం కాదే, డబ్బాలో బియ్యం కనపడ్డాయి" అంది.

నేనిప్పుడు సోషల్ టీచర్ని. సాయంత్రం బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో నడుస్తాను. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయనకి కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది. మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. ఆయన ఈమధ్య అన్నమాట ఇది: "తొడిమలు తీయడానికి ఆడవాళ్ళు దొరకట్లేదు మేడమ్. బియ్యం ఫ్రీ, బస్సు ఫ్రీ, నెల తిరిగేసరికి పింఛను. ఇంకెందుకొస్తారు? జనాన్ని సోమరులు చేసేశారు." ఆయనకి అప్పుడు నేనేమీ చెప్పలేదు. నోరు పెగల్లేదు. ఇంటికొచ్చాక రాత్రంతా నిద్రపట్టలేదు. ఆయన సోమరితనం అంటున్నది, ఆ తెల్లవారుజామున మా అమ్మ అన్న "రాను". జ్వరంతో ఉన్న బిడ్డని వదిలి రాను అనడం. ఆ ఒక్క మాట అనగలగడానికి ఆమెకి ఎన్నో ఏళ్ళు పట్టింది. సంక్షేమం అంటే నాకు తెలిసిన అర్థం అదే. మరో అర్థం నేను పుస్తకాల్లో చదివి పిల్లలకి చెప్తాను గానీ, మనసుకి పట్టింది ఇది.

అయితే ఆ మాట మా అమ్మకి ఎక్కువ కాలం నిలవలేదు. దాన్ని ఎలా పోగొట్టుకుందో కూడా చెప్పాలి.

1986లో నాన్నకి బరువులు మోసి మోసి పేగు జారింది. చాలాకాలం ఎవరికీ చెప్పకుండా తువ్వాలు బిగించి కట్టుకుని తిరిగాడు. ఒక రాత్రి నొప్పితో మెలికలు తిరిగిపోయాడు. రిక్షాలో వేసుకుని వెళ్తుంటే తోడొచ్చినవాళ్ళు, పెద్దాసుపత్రికైతే ఆలస్యం అవుతుందేమోనని భయపడి, దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. ఆపరేషన్ చేశారు, నాన్న బతికాడు. డబ్బు మొత్తం కడితేగానీ ఇంటికి పంపం అన్నారు. మా వీధి చివర ఉన్న వడ్డీవ్యాపారి దగ్గర మూడు వేలు తెచ్చారు. నూటికి నెలకి ఐదు రూపాయల వడ్డీ.

ఈ లెక్క నేను ఆ తరవాత ఎన్నిసార్లు వేసుకున్నానో. మూడు వేలకి నెలకి నూట యాభై. అమ్మ రోజుకి ఎనిమిది రూపాయల చొప్పున నెలలో పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు పని దొరికితే వచ్చేది ఆ నూట యాభై. అంటే అమ్మ కూలి మొత్తం వడ్డీకే. నాన్న ఇక టిక్కీ ఎత్తలేడు, ఒక కొట్లో కాపలా పని. అసలు మూడు వేలు అలాగే ఉంది. ఆరేళ్ళకి, నాయనమ్మ ముక్కుపుడక, అమ్మ మెట్టెలతో సహా అన్నీ అమ్మి తీర్చారు. ఈలోగా కట్టిన వడ్డీ పదివేల పైమాటే.

ఆ ఆరేళ్ళూ స్టోరు బియ్యం వస్తూనే ఉంది. డబ్బాలో బియ్యం ఉండేవి. ఆకలితో ఎవరం పడుకోలేదు. కానీ మేస్త్రి పిలిస్తే "రాను" అనడం మాత్రం మళ్ళీ వినలేదు. అమ్మ జ్వరంతో వెళ్ళింది. కాలు బెణికితే కుంటుకుంటూ వెళ్ళింది. సీజన్ అయిపోతే పొగాకు గ్రేడింగుకి వెళ్ళింది. నాయనమ్మ పోయిన నాలుగోనాడు కూడా వెళ్ళింది. బియ్యం ఇచ్చిన మాటని అప్పు లాక్కుపోయింది.

అక్క తొమ్మిదో తరగతిలో బడి మానేసింది కూడా అప్పుడే. ఎవరూ మానెయ్యమనలేదు. ఒకరోజు పొద్దున్న లేచి, పుస్తకాల సంచీ నా దగ్గర పెట్టి, పైట ముక్కుకి చుట్టుకుని అమ్మ వెనకాల నడిచింది. నన్ను మాత్రం సంక్షేమ హాస్టల్లో చేర్పించింది. దరఖాస్తు కాగితం తెచ్చింది తనే, సంతకాలకి తిరిగింది తనే. హాస్టల్లో నీళ్ళ సాంబారు, కిటికీలకి రెక్కల్లేని హాలు, చలికాలం ఇద్దరికో దుప్పటి. అయినా పొద్దున్నే గంట కొట్టేసరికి నా కంచంలో అన్నం ఉండేది, నేను ఏ కుప్ప దగ్గరా కూర్చోనక్కర్లేదు. ఇంటర్, డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ, ఉద్యోగం, అన్నీ ఆ హాస్టల్ గంట నుంచి మొదలైనవే. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమం చూసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి ఉద్యోగంలో చేరాక చదివాను. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక అది ఊళ్ళలో నిజంగా అమలు కావాలని పట్టుబట్టిన మనిషి ఆయన. పాలేరు దొర ముందు నిలబడి "రేపట్నుంచి రాను" అనగలిగే రోజు కోసం ఒక ఆఫీసరు అంత తాపత్రయపడ్డాడని చదివితే నాకు అమ్మే గుర్తొచ్చింది.

ఇక పథకాల సంగతి అందరికీ తెలిసిందే. రెండు రూపాయలు 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండు, 2011లో రూపాయి, 2023 నుంచి ఉచితం. ఎవరు ఇచ్చారు, ఎవరు తీశారు అని మా బంధువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళప్పుడు కూడా గొడవలు పడతారు. నాకు ఆ గొడవ పట్టదు. అందరూ ఎంతో కొంత ఇచ్చారు. ఎవరూ పూర్తిగా ఇవ్వలేదు.

అమ్మకి వృద్ధాప్య పింఛను మొదట్లో నెలకి 75 రూపాయలు. 2006లో 200 అయింది. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, అమ్మకి లోటు లేదు. అయినా ఆ రెండు వందలు అందిన రోజు ఆమె నడక వేరేగా ఉండేది. పట్నంబజారులో మా పిల్లలకి జిలేబీ కొని, పొట్లం ఎత్తి చూపిస్తూ వచ్చేది. "నా డబ్బులు" అనేది. మిగిలింది చెంగున కట్టుకునేది. 2010లో పోయింది. చెంగు ముడి విప్పితే నూట పది రూపాయలు ఉన్నాయి. అప్పు మాత్రం ఒక్క పైసా లేదు. అది చూసే కాబోలు, నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మరుసటి ఏడే, 2011లో, ఢిల్లీలో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకి ఒక మాట చెప్పింది. పట్నంలో మనిషి రోజుకి 32 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే వాళ్ళు పేదరికపు గీతకి పైనున్నట్టే అని. పేపర్లో ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ లెక్కన వడ్డీ కడుతున్న ఆరేళ్ళలో కూడా మా అమ్మని గీతకి పైకి ఎక్కించేసేవాళ్ళేమో. ఎంత తింటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అనే చూస్తారు. ఎంత అప్పుంది, రేపు జ్వరం వస్తే ఏమవుతుంది, పనికి రాను అంటే ఏం పోతుంది అని ఎవరు అడుగుతారు?

మంచి జరగలేదని అనను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2012లో మా బావకి గుండె ఆపరేషన్ అయింది. బావ లారీ డ్రైవరు. తెల్లకార్డు చూపిస్తే ఆపరేషన్‌కి రూపాయి కట్టమనలేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో అక్కా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. అక్క ఉన్నట్టుండి "నాన్నకి ఇది ఉండి ఉంటే నేను పదో తరగతి రాసేదాన్ని కదే" అంది. కోపంగా అనలేదు, మామూలుగా అంది. నేను తన చెయ్యి పట్టుకున్నాను. తన వేళ్ళ చివర్లు అమ్మ వేళ్ళలాగే గట్టిపడి ఉన్నాయి.

బావ 2018లో పోయాడు. అక్కకి వితంతు పింఛను వచ్చింది. 2020లో అది ఆగిపోయింది. కారణం కరెంటు మీటరు. నెలకి 300 యూనిట్లు దాటి కాల్చే ఇంటివాళ్ళు పేదవాళ్ళు కారని నిబంధన. అక్క ఉండే ఇంట్లో మూడు వాటాలు, అన్నిటికీ ఒకటే మీటరు. కింది వాటాలో ఇంటివాళ్ళకి ఏసీ ఉంది, పై వాటాలో ఒక టైలరు మిషన్లు పెట్టాడు. వెనకవైపు రేకుల గదిలో అక్కకి ఒక ఫ్యాను, ఒక బల్బు. కంప్యూటర్లో మాత్రం మొత్తం యూనిట్లు అక్క పేరుమీద కూడా పడ్డాయి. వేరే మీటరు పెట్టించండి అని ఇంటివాళ్ళని అడిగితే, అద్దెకున్నట్టు రుజువు అవుతుందని వాళ్ళకి భయం. నేను సెలవులు పెట్టి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగాను. ఎవరూ కసురుకోలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "మా చేతుల్లో లేదు మేడమ్, సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నారు. ఏడు నెలలు.

అప్పట్లో పింఛను 2250. ఏడు నెలలకి 15,750 రూపాయలు ఖజానాకి మిగిలింది. ఈలోగా అక్క నాకు తెలియకుండా డైలీ ఫైనాన్స్‌లో పదివేలు తీసుకుంది. చేతికిచ్చింది ఎనిమిదిన్నర వేలు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చిన్న అట్టకార్డు, దానిమీద వంద గళ్ళు. సాయంత్రం ఆరింటికి కుర్రాడు బండిమీద వచ్చి, వంద తీసుకుని, ఒక గడిలో టిక్కు పెట్టి పోతాడు. ఒకసారి వెళ్ళినప్పుడు బియ్యం డబ్బా మీద ఆ కార్డు కనపడింది. బియ్యం నిండా ఉన్నాయి. మూత మీద కార్డు ఉంది. 1986 మళ్ళీ నా కళ్ళముందు నిలబడింది.

"నన్నడగచ్చు కదక్కా" అని ఏడ్చాను.

"గవర్నమెంటు డబ్బు తీసుకోడానికి నాకు సిగ్గెందుకు? అందరికీ ఇచ్చేదేగా. నీ దగ్గరైతే మీ ఆయన మొహం చూడాలి, నీ పిల్లల మొహం చూడాలి" అంది. మా ఆయన అలాంటి మనిషి కాదు, అది అక్కకీ తెలుసు. కానీ తను చెప్పింది మా ఆయన గురించి కాదు. 2025 ఉగాదికి పీ4 అని ప్రభుత్వం ఒక కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, పైనున్న పది శాతం మంది కింద ఉన్న ఇరవై శాతం కుటుంబాలకి మార్గదర్శులై చెయ్యందించాలి అన్నప్పుడు, నాకు అక్క మాటే చెవిలో మోగింది. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే కావచ్చు. తీసుకునేవాళ్ళు ఎవరి మొహం చూడాలి అనేది కూడా ఆలోచించాలి కదా.

మా అబ్బాయి ఇంగ్లండులో చదువుతున్నాడు. వారానికోరోజు ఫుడ్ బ్యాంకులో సాయానికి వెళ్తాడు. సంక్షేమ రాజ్యం అని పాఠం చెప్పాల్సి వస్తే నేను మొదట చెప్పేది ఆ దేశం గురించే. యుద్ధం జరుగుతుండగానే 1942లో బెవరిడ్జ్ నివేదిక వచ్చింది, దేశాన్ని పీడించే ఐదు రాక్షసులని చెప్పి అందులో లేమిని కూడా లెక్కపెట్టింది. 1948 నుంచి అందరికీ ఉచిత వైద్యం. అలాంటి చోట డబ్బా పాలకోసం, పాస్తా పొట్లాల కోసం మనుషులు వస్తున్నారమ్మా అని వాడు ఫోన్లో చెప్తే మొదట నమ్మలేదు. "పనిచేసేవాళ్ళే అమ్మా ఎక్కువమంది. ఒకావిడ యూనిఫాంతోనే వచ్చింది, డ్యూటీ దిగి" అన్నాడు. జీతం అద్దెకే సరిపోతోందట.

మా అమ్మదీ అదే కథ. ఆ మూడు రోజులు తప్ప ఏనాడూ పని మానలేదు. మన రాజ్యాంగంలో 43వ అధికరణం ఉంది. పనిచేసే మనిషికి గౌరవంగా బతికే వేతనం దొరికేలా రాజ్యం చూడాలని. 41వ అధికరణం ఉంది. ముసలితనంలో, జబ్బులో, పని లేనప్పుడు ఆదుకోవాలని. వాటి ముందే 37 ఉంది. వీటిని కోర్టుకెళ్ళి సాధించుకోడానికి లేదని. ఏటా ఈ పాఠం చెప్తాను. మా క్లాసులో సగంమంది పిల్లల అమ్మలు తొడిమలు తీసేవాళ్ళే. పోయిన ఏడాది ఒక పిల్ల లేచి, "మరి రాసింది ఎందుకు టీచర్?" అని అడిగింది. బెల్లు కొట్టారు. ఆ పిల్లకి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

జవాబు నాకు తెలియక కాదు. సంక్షేమం ఉన్న దేశంలో పేదరికం ఉండకూడదు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఉందంటే, ఇచ్చిన సాయం బతికుండటానికి సరిపడా కొలిచి ఇచ్చారు గానీ "రాను" అనడానికి సరిపడా ఇవ్వలేదని. బియ్యం ఒక్కటే ఇస్తే జబ్బు లాక్కుపోతుంది. ఆసుపత్రి ఒక్కటే ఇస్తే అద్దె లాక్కుపోతుంది. అన్నీ ఇచ్చి మధ్యలో ఏడు నెలలు ఆపితే, వంద గళ్ళ కార్డు పట్టుకుని ఒక కుర్రాడు సాయంత్రం ఆరింటికి వస్తాడు. ఇదంతా పదమూడేళ్ళ పిల్లకి నలభై ఐదు నిమిషాల్లో ఎలా చెప్పాలి? అందుకే ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

అక్క పింఛను మళ్ళీ వచ్చింది. 2024 జులై నుంచి అది 4000. నాలుగు వేలంటే చిన్న మాట కాదు, కాదనను. ఒకటో తారీకు పొద్దున్నే ఇంటికి తెచ్చి ఇస్తారు. గది అద్దె మూడు వేలు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, గ్యాసు. కొడుకు హైదరాబాదులో డెలివరీ పని చేస్తాడు. బండి లోను కట్టాక వాడికి మిగిలేది వాడికే చాలదు. అక్కకి ఇప్పుడు యాభై నాలుగు. మోకాళ్ళు అరిగాయి. కింద కూర్చుంటే లేవడానికి పక్కమనిషి చెయ్యి పట్టుకోవాలి.

మొన్న ఆదివారం వెళ్ళాను. కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళాను. నాకు అలవాటు, అక్క ఇంటికి ఉత్తచేతులతో వెళ్ళినా నూనె సీసా మాత్రం మర్చిపోను. ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. తన అరచెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకీ నూనె రాస్తున్నాను. ముఠా మేస్త్రి ఫోన్ చేశాడు. ఇప్పటి మేస్త్రి కుర్రాడే, పద్ధతిగా మాట్లాడతాడు. ఫోను స్పీకర్లో ఉంది.

"పెద్దమ్మా, రేపు కోల్డ్ స్టోరేజీలో సరుకు దింపుతున్నారు. తేజ కాయ. వస్తావా? మోకాళ్ళు నొప్పంటే వద్దులే, ఇంకెవరినన్నా చూస్తా."

అక్క నా మొహం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, వద్దని. అక్క చూపు మళ్ళించి లోపల గోడకి తగిలించిన క్యాలెండరు వైపు చూసింది. ఒకటో తారీకుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

"ఎన్నింటికి రావాలి నాయనా?" అంది.